స్టీల్‌హెడ్ వేట: ఎరనీ బెండునీ నిర్ణయించేది నీరే

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పడమటి కొసన ఫోర్క్స్ అని చిన్న ఊరుంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోటు. చలికాలం మొదలయ్యేసరికి ఆ చుట్టుపక్కల గాలం సామాన్ల షాపుల్లో గోడలు నిండిపోతాయి. స్పిన్నర్లు, స్పూన్లు, ప్లగ్‌లు (నీటిలో తిరిగే, ఊగే, వణికే కృత్రిమ ఎరలు), జిగ్‌లు (సీసపు తలకు ఈకలు కట్టిన హుక్కులు), గులాబీ రంగు రబ్బరు పురుగులు, బఠాణీ గింజంత ప్లాస్టిక్ పూసలు, ఎరను మోస్తూ నీటి మీద తేలే రకరకాల బెండ్లు. ఇన్నీ ఒకే ఒక్క చేప కోసం. ఆ రాష్ట్రం 1969లో తన అధికారిక చేపగా ప్రకటించుకున్న స్టీల్‌హెడ్ కోసం.

కొత్తగా రాడ్డు పట్టినవాళ్లకు ఇక్కడే బుర్ర తిరుగుతుంది. ఒకరు పూస తప్ప ఏదీ పనికిరాదంటారు, ఇంకొకరు స్పూన్ చాలంటారు, మూడోవారు బెండు కింద జిగ్ వేలాడదీసి వదలమంటారు. వాళ్లలో అబద్ధం చెప్పేవాళ్లెవరూ ఉండరు. తాము దిగిన నీటికి ఏది పనిచేసిందో దాన్నే చెబుతారు. నీరు మారితే ఆ సలహా చెల్లదన్న సంగతి మాత్రం చాలాసార్లు చెప్పకుండా వదిలేస్తారు.

క్లుప్తంగా

చలికాలపు స్టీల్‌హెడ్ ఎర వెంట దూరం పరిగెత్తదు. కాబట్టి ఎర దాని ముందు నుంచి సరైన లోతులో, సరైన వేగంతో వెళ్లడమే అసలు విషయం. పైన పరుగెత్తే నీటికీ అడుగున నెమ్మదిగా కదిలే నీటికీ మధ్య తేడాను సర్దడానికే బెండు పద్ధతులన్నీ పుట్టాయి. కదిలే ఎరల్లో ఏది వాడాలో నీటి వేగం, చల్లదనం, తేటదనం చెబుతాయి. రంగు సంగతి వీటన్నిటి తర్వాత. ఇటీవలి నిబంధనలు ఎంపికను ఇంకా కుదించాయి.

ఆకలి లేని చేప ఎందుకు కరుస్తుంది?

స్టీల్‌హెడ్ వేరే జాతేమీ కాదు, రెయిన్‌బో ట్రౌటే. నీలగిరుల వాగుల్లో తెచ్చి వదిలిందీ, హిమాచల్ ప్రదేశ్‌లో పెంచేదీ ఇదే జాతి. తేడా అది బతికే తీరులో ఉంది. స్టీల్‌హెడ్ నదిలో పుట్టి, మామూలుగా రెండేళ్లు అక్కడే పురుగుల్ని తిని పెరుగుతుంది. ఆ తర్వాత పసిఫిక్‌లోకి పోయి ఒకటి నుంచి మూడేళ్లు గడిపి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే ఎదురీదుకుంటూ వస్తుంది. పసిఫిక్ సాల్మన్ చేపలు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. స్టీల్‌హెడ్‌లో మాత్రం కొన్ని బతికి మళ్లీ సముద్రానికి పోతాయి, ఇంకో ఏడాది మళ్లీ వస్తాయి.

వేసవిలో నదిలోకి వచ్చే చేపలు ఇంకా పక్వానికి రాకముందే వచ్చి, నెలల తరబడి నదిలోనే ఉండిపోతాయి. ఇవి కాస్త హుషారుగా ఉంటాయి, పైకొచ్చి కూడా ఎరను అందుకుంటాయి. నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య వచ్చేవి గుడ్లు పెట్టే దశకు దగ్గరపడి ఉంటాయి. వీటికి తిండి మీద ధ్యాస తక్కువ. అయినా కరుస్తాయి. చిన్నప్పుడు కొట్టుకొచ్చిన గుడ్డునో పురుగునో నోటితో అందుకున్న అలవాటు ఒక కారణం. తన చోటులోకి ఏదైనా చొరబడితే తరిమికొట్టాలన్న చిరాకు రెండోది. మూడోది వట్టి కుతూహలం: చేతులు లేవు కాబట్టి ఏ వస్తువునైనా నోటితోనే తడిమి చూడాలి.

ఈ మూడింటిలో ఏదీ ఆకలంత బలమైంది కాదు. పైగా చేప ఒంటి వేడి నీటిని బట్టే ఉంటుంది. నీరు 4, 5 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతే కండరాలు మందగిస్తాయి. అప్పుడు ఎర కోసం అది కదిలే దూరం ఒకటి రెండు అడుగులకు మించదు. 7 నుంచి 12 డిగ్రీల మధ్య అదే చేప అడ్డంగా దూసుకొచ్చి స్పూన్‌ను కొడుతుంది. అందుకే నది దగ్గర అనుభవమున్నవాళ్లు మొదట జేబులోంచి తీసేది థర్మామీటరు.

పైనీటి వేగం, అడుగునీటి వేగం

నదిలో నీరంతా ఒకే వేగంతో పారదు. అడుగున రాళ్లకూ గులకకూ ఒరుసుకుంటూ పోయే నీరు నెమ్మదిస్తుంది, పైకి వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది. ఉపరితలం నుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర ఉండే వేగాన్ని సగటుగా తీసుకోవడం గోదావరి, కృష్ణల ప్రవాహాన్ని కొలిచే ఇంజనీర్లకు కూడా మామూలే. అంటే అంతకంటే కింద ఉన్న నీరు సగటు కన్నా తక్కువ వేగంతో పోతుంటుంది.

స్టీల్‌హెడ్ ఉండేది సరిగ్గా ఆ పొరలోనే. సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చిన చేప ఉన్న బలాన్ని పొదుపుగా వాడుకోవాలి. బండరాయి ముందూ వెనకా, వేగపు నీరూ నెమ్మది నీరూ ఒరుసుకునే గీత వెంట, మడుగు దాటి నీరు మళ్లీ పలచబడే చోట అది ఆగుతుంది. మనిషి నడిచేంత వేగం, మీటరు నుంచి రెండు మీటర్ల లోతు ఉన్న చోట్లు దానికి ఎక్కువగా నచ్చుతాయి.

ఇప్పుడు చిన్న లెక్క. ఒకచోట పైనీరు సెకనుకు మీటరు చొప్పున, అడుగునీరు అర మీటరు చొప్పున పోతున్నాయనుకుందాం. చేపకు రెండు వైపులా మీటరు దూరం కనిపిస్తుందనుకుంటే, ఎర దాని చూపులో ఉండేది రెండు మీటర్ల దారి. అడుగునీటితో పాటు కొట్టుకొచ్చే నిజమైన గుడ్డు ఆ దారిని దాటడానికి నాలుగు సెకన్లు పడుతుంది. పైన తేలే బెండు అదే ఎరను లాక్కుపోతే రెండు సెకన్లే. అంతేకాదు, ముందుకు లాగే కొద్దీ కింది ఎర పైకి లేస్తుంది. చల్లటి నీటిలో బద్ధకంగా ఉన్న చేపకు తల మీదుగా ఏదో దూసుకుపోయినట్టే ఉంటుంది, తిరిగి చూసేలోపు వెళ్లిపోతుంది.

పాత పద్ధతిలో దీనికి విరుగుడు సీసం. లైనుకు సీసపు ముక్క కట్టి, అది అడుగున రాళ్లకు టక్ టక్‌మని తగులుతూ దొర్లేలా వదిలేవారు. వెనక మూరెడు దారానికి తేలికపాటి రంగు బంతి, ఉన్ని పోగు. ఎర ప్రవాహం కన్నా నెమ్మదిగా, అడుగును అంటిపెట్టుకుని పోతుంది. పద్ధతిలో తప్పేమీ లేదు, ఖర్చే ఎక్కువ. రాళ్ల సందుల్లో ఇరుక్కుని పూటకు ఎన్ని సెట్లు తెగిపోతాయో చెప్పలేం. తెగిన సీసమంతా నదిలోనే మిగులుతుంది.

బెండును చదవడం

బెండు రెండు పనులు చేస్తుంది. ఎరను అడుగుకు తగలనీయకుండా కొంచెం పైన మోస్తుంది. కంటికి కనిపించని లోతులో ఏం జరుగుతోందో పైకి చూపిస్తుంది. రెండో పనిని చాలామంది పట్టించుకోరు. చేప కొరికితే మునుగుతుందన్న ఒక్క సంకేతం కోసమే చూస్తారు.

లోతు తక్కువైన చోట లైనుకు బిగించేసిన బెండు సరిపోతుంది. రాడ్డు పొడవును మించిన లోతులో అలాంటి బెండుతో విసరడం కష్టం, అందుకే జారే బెండు వచ్చింది. లైను మీద కావలసిన లోతు దగ్గర దారంతో చిన్న ముడి వేస్తారు. విసిరేటప్పుడు బెండు ఎర దగ్గరికి జారి ఉంటుంది. నీటిలో పడ్డాక బరువు కిందికి లాగి, ముడి వచ్చి బెండుకు తగిలి ఆగుతుంది. ముడిని వేలితో జరిపితే లోతు మారిపోతుంది. వాయవ్య అమెరికా పెద్ద నదుల్లో ఎక్కువగా కనిపించేది ఈ ఏర్పాటే.

రెండు మీటర్ల లోతున్న మడుగులో ఒక్క విసురును దగ్గరగా చూస్తే సంగతంతా తెలుస్తుంది. ముడిని మొదట 1.7 మీటర్ల దగ్గర పెడతారు. ఎగువకు వాలుగా విసురుతారు. పడ్డ వెంటనే బెండు పక్కకు పడుకుని ఉంటుంది, ఎర కిందికి దిగాక నిటారుగా లేస్తుంది. అప్పటినుంచే అసలు ప్రయాణం మొదలైనట్టు. ఒడ్డుకూ బెండుకూ మధ్య వేగపు పాయ ఉంటే లైను విల్లులా వంగి బెండును ఈడ్చుకుపోతుంది. వెంటనే రాడ్డు కొసతో లైనును లేపి ఎగువ వైపు వేయాలి. పది అడుగుల రాడ్డు వాడేదీ, నీటి మీద తేలే అల్లిన లైను ఎక్కించేదీ ఇందుకే.

ఇక బెండు వాలును గమనించాలి. తల దిగువకు వాలితే కింద ఎర అడుగున ఈడ్చుకుంటూ వెనకబడుతోందని అర్థం. ముడిని ఒక జానెడు తగ్గించాలి. తల ఎగువకు వాలితే చేతిలోని లైను దాన్ని వెనక్కి పట్టి ఉంచుతోంది. కొంచెం అయితే మంచిదే, ఎక్కువైతే ఎర పైకి లేస్తుంది. ప్రతిసారీ ఒకే చోట వణికితే అక్కడ రాయి ఉంది. అన్నిటికంటే పనికొచ్చే గుర్తు నురుగు బుడగలు. బెండు తన పక్కనే తేలే బుడగల కంటే కాస్త వెనకబడుతూ పోతుంటే, కింది బరువు నెమ్మది పొరలో ఉండి బెండుకు బ్రేకు వేస్తోందన్నమాట. బుడగలతో సమానంగా పోతుంటే బరువు చాలట్లేదు.

బరువుకీ బెండుకీ పొత్తు కుదరాలి. బెండు మీద అది మోయగల బరువు గ్రాముల్లో రాసి ఉంటుంది. జిగ్, సీసపు గుళ్లు కలిపి దాదాపు అంత బరువు రావాలి, నీటి పైన బెండు కొస మాత్రమే కనబడాలి. బెండు పెద్దదై సగం పైకి తేలుతుంటే చలికాలపు మెత్తటి కాటు అసలు కనబడదు. పైగా ఆ తేలికదనం తనను వెనక్కి లాగుతున్నట్టు తెలియగానే చేప ఎరను ఉమ్మేస్తుంది. గుళ్లను ఎక్కడ పెట్టాలన్నది కూడా నీటిని బట్టే. లోతైన, జోరైన నీటిలో అన్నిటినీ ఒక్కచోట చేరుస్తారు, త్వరగా దిగాలి కాబట్టి. తేట, నెమ్మది నీటిలో పైన పెద్దవీ కింద చిన్నవీ అయ్యేలా దూరదూరంగా పేరుస్తారు. అప్పుడు కింది దారం సహజంగా వంపు తిరిగి, ఎర ముందుగా పోతూ చేపకు మొదట అదే కనిపిస్తుంది.

బెండు కింద వేలాడేవాటిలో ముఖ్యమైనవి మూడు. 3.5 లేదా 7 గ్రాముల సీసపు తల ఉన్న జిగ్‌కు మారాబూ అనే మెత్తటి ఈకలు కడతారు. ఎవరూ కదపకపోయినా ఆ ఈకలు ప్రవాహానికి తెరుచుకుంటూ ముడుచుకుంటూ ఉంటాయి. చల్లటి నీటికి దీన్ని మించింది తక్కువ. 10 నుంచి 15 సెంటీమీటర్ల రబ్బరు పురుగు పెద్ద ఆకారంతో కనిపించి చిరాకు పుట్టిస్తుంది. పూస చేప గుడ్డును పోలి ఉంటుంది. 8 మిల్లీమీటర్ల పూస తేట నీటికి, 14 మిల్లీమీటర్లది మసక నీటికి. దాన్ని హుక్కుకు రెండు అంగుళాల పైన దారానికి బిగిస్తారు. చేప పూసను అందుకుంటే హుక్కు నోటి అంచున తగులుతుంది, గొంతులోకి పోదు.

స్పిన్నర్, స్పూన్, ప్లగ్

బెండు చేప దగ్గరికి ఓపిగ్గా ఎరను మోసుకెళ్తుంది. కదిలే ఎరలు చేపను వెతుక్కుంటూ పోతాయి. చేపలు ఎక్కడున్నాయో తెలియనప్పుడు, నీరు కాస్త వెచ్చగా ఉన్నప్పుడు ఇవే మేలు.

స్పిన్నర్‌లో రేకు తీగ చుట్టూ తిరుగుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన మెప్స్ కంపెనీ 1938 నుంచి చేస్తున్న నమూనా ఇప్పటికీ పెద్దగా మారలేదు. రేకు తిరిగినప్పుడు పుట్టే కంపనాన్ని చేప పక్కభాగంలోని రేఖేంద్రియం పట్టేస్తుంది. మసక నీటిలో, మీటరు లోతున్న రాళ్ల పరుగుల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఇబ్బందల్లా వేగంగా లాగితే పైకి లేచిపోవడం. రేకు ఆగిపోకుండా ఎంత నెమ్మదిగా లాగగలిగితే అంత మంచిది.

స్పూన్ తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది. ఒడ్డు నుంచి అడ్డంగా, కాస్త దిగువకు విసిరి లైను బిగువుగా పట్టి ఉంచితే ప్రవాహమే దాన్ని అవతలి నుంచి ఇవతలికి అర్ధచంద్రాకారంలో తెస్తుంది. వెడల్పైన, అడుగు చదునుగా ఉన్న చోట్లకు ఇంతకంటే త్వరగా నీటిని గాలించే మార్గం లేదు. బరువు ఎంచుకోవడంలోనే కిటుకంతా. 11 గ్రాములది పైపైనే పోయే చోట 19 గ్రాములది అడుగును పట్టుకుంటుంది, నెమ్మది నీటిలో అదే 19 గ్రాములది రాళ్లలో కూరుకుపోతుంది.

ప్లగ్ తీరు వేరు. ముందున్న చిన్న పెదవికి నీరు తగిలితే అది మునిగి వణుకుతుంది. పడవను ప్రవాహం కన్నా నెమ్మదిగా పోయేలా తెడ్లతో ఆపుకుంటూ దిగితే, పడవకు దిగువన ప్లగ్‌లు అంగుళం అంగుళం చేప వైపు వెనక్కి జరుగుతాయి. చేప వెనక్కి తగ్గుతుంది, ఇంకా తగ్గుతుంది. నీరు పలచబడి ఇక చోటు లేదనిపించినప్పుడు ఎదురుతిరిగి కొడుతుంది. ఆ దెబ్బకు రాడ్డు హోల్డర్లోనే ఒంగిపోతుంది. కొత్తవాళ్లకు పడవలో ప్లగ్ ఇవ్వడానికి కారణం ఇదే: ఇక్కడ పనంతా తెడ్డు వేసేవాడిదే.

ఒకే వాన, రెండు నదులు

ఫోర్క్స్ ఉన్న ఒలింపిక్ ద్వీపకల్పంలో హో నది ఒలింపస్ పర్వతపు హిమానీనదాల నుంచి పుడుతుంది. మంచు కింద నలిగిన రాతిపిండి దానిలో ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. దానికి తోడు పాయలుగా చీలుతూ గులక మేటల్ని తోసుకుంటూ పోతుంది. పెద్ద వాన పడితే సిమెంటు నీళ్ల రంగుకు మారి, తేరుకోవడానికి రోజులు పడుతుంది. దానికి ఉత్తరాన ఉన్న సోల్ డక్ బండరాళ్ల నది. ఒకే వాన రెండింటి మీదా కురిసినా సోల్ డక్ ముందుగా తేటపడుతుంది. హో మీద జెండాలాంటి పెద్ద ఎర కావలసిన రోజునే సోల్ డక్‌లో చిన్న జిగ్ సరిపోవచ్చు.

ఇలాంటి నిర్ణయాలకు అమెరికా భూగర్భ సర్వే సంస్థ నదుల మీద పెట్టిన కొలమానాలు పనికొస్తాయి. ప్రవాహం ఎంతుందో ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు క్యూసెక్కుల్లోనే కనిపిస్తుంది. శ్రీశైలం, ప్రకాశం బ్యారేజీ వార్తలు చదివే తెలుగువారికి ఆ అంకెలు కొత్తేమీ కాదు. ఇక్కడ మొత్తం కంటే గ్రాఫ్ ఎటు పోతోందన్నదే ముఖ్యం. పెరుగుతున్న నదిలో చెత్త, బురద, చెల్లాచెదురైన చేపలు ఉంటాయి. తగ్గుతూ తేటపడుతున్న నదిలో కొత్తగా సముద్రం నుంచి వచ్చిన చేపలు తమ చోట్లలో కుదురుకుంటాయి. అప్పుడు నీరు లేత పచ్చరంగులో, మూడు నాలుగు అడుగుల లోతు దాకా కనిపిస్తుంది. అక్కడివాళ్లు కాచుకుని కూర్చునేది ఆ రంగు కోసమే. అడుగు లోతు కూడా కనిపించకపోతే ఇంట్లో ఉండటమే మేలు.

ఎర రంగు గురించి జరిగే వాదాల్లో సగం షాపుల వ్యాపారానికే పనికొస్తాయి. నీటిలో ఎరుపు త్వరగా వెలిసిపోతుందన్నది నిజమే, కానీ రెండు మీటర్ల లోతు నదిలో దాని ప్రభావం సముద్రంలో ఉన్నంత ఉండదు. ఇక్కడ వెలుగును చెదరగొట్టేది నీటిలోని మట్టి రేణువులు. కాబట్టి మసక నీటిలో చుట్టూ ఉన్న నీటికి భిన్నంగా కొట్టొచ్చినట్టు కనిపించడమే కావాలి: మెరిసే నారింజ, ముదురు గులాబీ, లేదా నికార్సైన నలుపు. తేట నీటిలో ఆకారం చిన్నదై, రంగు వెలిసినట్టుండాలి. దారం కూడా సన్నబడాలి. మొదట సైజు, తర్వాత రంగు మార్చడం సరైన వరుస.

ఈరీ సరస్సు వాగుల లెక్క వేరు

తూర్పున మహా సరస్సుల ప్రాంతంలో స్టీల్‌హెడ్ స్థానిక చేప కాదు. 1876లో మిషిగన్‌లోని ఆ సేబుల్ నదిలో రెయిన్‌బో ట్రౌట్‌ను వదలడంతో అక్కడ దీని కథ మొదలైంది. ఇప్పుడు ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లలో ఈరీ సరస్సులోకి దిగే వాగులకు ఏటా పిల్లల్ని పెంచి వదులుతారు. అక్కడ చాలాచోట్ల అడుగు పలకరాయి, లోతు తక్కువ, నీరు తేట. పసిఫిక్ తీరంలో వాడే 14 గ్రాముల బెండు అక్కడ చేపల్ని బెదరగొడుతుంది. 4 నుంచి 8 గ్రాముల సన్న బెండు, 13 అడుగుల పైబడిన రాడ్డు, ఇంగ్లాండ్‌లో పుట్టిన సెంటర్‌పిన్ రీలు వాడతారు. ఆ రీలు బేరింగుల మీద స్వేచ్ఛగా తిరుగుతుంది, బ్రేకు ఉండదు. బొటనవేలితో దాని వేగాన్ని అదుపు చేస్తూ బెండును పైనీటి కన్నా కాస్త నెమ్మదిగా చాలా దూరం పంపవచ్చు. ఈరీ ఒడ్డునున్న క్లీవ్‌లాండ్ దగ్గర నేర్చుకున్న పద్ధతిని యథాతథంగా హో నదికి తీసుకెళ్తే ఆ సన్న బెండు మొదటి అలకే కనబడకుండా పోతుంది.

నిబంధనలు మార్చిన ఎరల పెట్టె

చాలాకాలం పసిఫిక్ తీరంలో తిరుగులేని ఎర ఉప్పూ బోరాక్సూ పట్టించిన సాల్మన్ గుడ్లే. ఇప్పుడు చాలాచోట్ల అవి వాడకూడదు. నదిలోనే పుట్టి పెరిగిన స్టీల్‌హెడ్ సంఖ్య పడిపోతుండటమే దీనికి కారణం. 1997 నుంచి అమెరికాలో వీటి సమూహాలు ఒక్కొక్కటిగా అంతరించే ప్రమాదమున్న జీవుల చట్టం కిందికి వచ్చాయి, 2007లో వాషింగ్టన్‌లోని ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ చేపలూ చేరాయి. 2020 డిసెంబరులో ఒలింపిక్ ద్వీపకల్పపు తీర నదుల మీద వాషింగ్టన్ చేపల శాఖ గట్టి ఆంక్షలు పెట్టింది: పడవలోంచి గాలం వేయకూడదు, నిజమైన ఎర వాడకూడదు, ముల్లు లేని ఒంటి హుక్కే ఉండాలి.

ఒక్కో ఆంక్ష వెనకా ఒక్కో లెక్క ఉంది. వాసనా రుచీ ఉన్న ఎరను చేప మింగేస్తుంది, హుక్కు మొప్పల దాకా పోతే వదిలినా బతకదు. ఉక్కుతోనో ఈకతోనో చేసింది అయితే నోటి అంచునే తగులుతుంది. పడవ ఒడ్డున నడిచేవాడు చేరలేని మడుగుల్ని కూడా గాలిస్తుంది. దాన్ని ఆపితే చేపలకు కొన్ని చోట్లు వాటంతటవే రక్షణగా మిగులుతాయి. ఫలితంగా ఆ నదుల్లో ప్లగ్ ప్రాభవం తగ్గి, ఒడ్డు నుంచి వేసే జిగ్, పూస, స్పూన్ ముందుకొచ్చాయి.

చిన్న చిన్న సర్దుబాట్లు కూడా తప్పలేదు. మూడు కొనల హుక్కు తీసేసి ఒంటి హుక్కు పెడితే ప్లగ్ బరువు మారి ఊగే తీరు చెడుతుంది. అందుకే ఒక సైజు పెద్ద హుక్కు వేసి, ఒడ్డు దగ్గర నీటిలో ఓసారి ఆడించి చూసుకుంటారు. ముల్లు లేని హుక్కుతో లైను క్షణం వదులైనా చేప జారిపోతుంది. బెండు వేసేవాళ్లకు ఇది ఇంకా ఇబ్బంది, లైనులో ఎప్పుడూ కాస్త వదులు ఉంటుంది కాబట్టి. బెండు మునగగానే ముందు ఆ వదులు చుట్టేసి, ఆ తర్వాతే రాడ్డు లేపాలి.

పట్టిన చేప హ్యాచరీదా, నదిలో పుట్టిందా అన్నది వీపు మీద తోక దగ్గరుండే చిన్న కండ రెక్క చెబుతుంది. హ్యాచరీ వాళ్లు దాన్ని కత్తిరించి వదులుతారు, ఆ చోట మానిన మచ్చ ఉంటుంది. రెక్క ఉంటే వాషింగ్టన్‌లో 2016 నుంచి ఆ చేపను ఉంచుకోవడానికి వీల్లేదు. ఫొటో కోసం కూడా నీటిలోంచి పూర్తిగా పైకెత్తకూడదు. నిబంధనలు సీజన్ మధ్యలోనూ మారతాయి. 2022 మార్చిలో, ఇంకా చేపలు వస్తుండగానే, ఆ తీర నదుల్ని గాలాలకు మూసేశారు. లైసెన్సు ఉన్నా, బయల్దేరే రోజు ఉదయం చేపల శాఖ వెబ్‌సైట్‌లో అత్యవసర నిబంధనల పేజీ చూసుకోవాలి.